ఆకుపచ్చ టిక్కు

అక్టోబరు ఆరు, సోమవారం. ఆ పొద్దు నేను చోడంబలి తాగాను. నంచుకోవడానికి వేయించిన నెత్తళ్ల ఎండుచేపలు, ఒక ఉల్లిపాయ. నెత్తళ్లు మాడాయి. నా భార్య తాయారు పోయిన ఈ రెండేళ్లలో అన్నీ నేర్చుకున్నాను గానీ, నెత్తళ్లు మాడకుండా దించడం మాత్రం నాకు పట్టుబడలేదు.

ఆ రోజు గుర్తుండిపోవడానికి కారణం అంబలి కాదు. ఆ రోజే ధనరాజ్ గారు నన్ను పిలిచి, తనని ఎక్కడ కొట్టాలో తనే చూపించారు. చూపిస్తున్నానని ఆయనకి తెలియదు.

మాది రొయ్యల ఫ్యాక్టరీ. సముద్రానికి మూడు కిలోమీటర్లు. చెరువుల నుంచి రొయ్య వస్తుంది, ఆడవాళ్లు నిలబడి ఒలుస్తారు, అమ్మోనియా యంత్రాలు దాన్ని రాయిలా గడ్డకట్టిస్తాయి. నేను శ్రీకాకుళంలో బీయెస్సీ ఎలక్ట్రానిక్స్ చదివి, పద్దెనిమిదేళ్లుగా అక్కడ ఫోన్లు, అలారాలు, హాళ్లలో స్పీకర్లు చూసుకుంటున్నాను. ధనరాజ్ గారు మేనేజరు. ఎవరి మీదా గొంతు పెంచరు. కూర్చోమని కుర్చీ చూపించాకే పని చెప్తారు.

"నవంబరు పదకొండున ఆడిట్ ఉంది హరీ. సరుకు కొనేవాళ్లు పంపుతున్నారు. ఝాన్సీ అని ఒక మేడమ్ వస్తారు. ఈసారి పేజింగ్ చూస్తారట. నెట్ పోయినా హాల్లో ప్రకటన వినపడాలి. అది వాళ్ల షరతు."

"నెట్ పోతే వినపడదు సార్."

"తెలుసు," అన్నారు.

ఆ ఒక్క మాట కోసం రెండేళ్లు చూశాను. తలుపు వేసి ఉంది. గదిలో మేమిద్దరమే ఉన్నాం.

"స్టోర్లో మన పాత యాంప్లిఫయర్ ఉంది కదా. దాన్ని బాగుచెయ్. బ్యాటరీ పెట్టు. పీలింగ్ హాలుకి కనపడకుండా తీగ లాగు. ఆడిట్ రోజున నేను ఇక్కడ బటన్ నొక్కుతాను, నువ్వు పైన మైకు గదిలో స్విచ్ వెయ్యి. అదే గొంతు రావాలి. తేడా తెలియకూడదు."

"తీగ లైను కొత్తగా వేశామని చెప్పేయొచ్చు కద సార్. మంచి పనే కదా."

"కొత్తగా వేశామంటే, ఇన్నాళ్లూ ఏమైంది అంటారు. పాత కాగితాలు తీస్తారు." ఆయన బల్ల మీద పెన్ను సర్దుకున్నారు. "ఎవరికీ తెలియకూడదు, హరీ."

"అలాగే సార్," అన్నాను. టీ చల్లారిపోయింది, అయినా పూర్తిగా తాగాను.

అదే గొంతు అని ఆయన అన్నది తాయారు గొంతు.

తాయారుది పాతపట్నం వైపు. తెలుగు ఎంత ధారాళంగా వచ్చునో ఒడియా అంత వచ్చు. అందుకని పైన మైకు గదిలో కూర్చోబెట్టారు. "ఒలప్పా, టీ ఏలయిపోనాది, సేతులు కడుక్కోండర్రా" అని ఆమె పిలిస్తే హాలంతా నవ్వుకుంటూ లేచేది. తర్వాత ఇంటర్నెట్టు మీద నడిచే కొత్త పేజింగ్ వచ్చింది. ఆఫీసు కంప్యూటర్లో బటన్ నొక్కితే మాట ఏదో నగరానికి పోయి, అక్కడి నుంచి తిరిగి మా హాల్లోకి వస్తుంది. తాయారు చేత నాలుగు ప్రకటనలు, పుస్తకంలో ఉన్నట్టు స్పష్టంగా చెప్పించి, రికార్డు చేసుకున్నారు. ఇక మనిషి అక్కర్లేదన్నారు. ఆమెను రొయ్యలు ఒలిచే బల్ల మీదికి పంపారు. పాత తీగలు ఉంచమని నేను కాగితం రాసి ఇచ్చాను. "ఇది పెళ్లి పందిరి మైకు సెట్టు కాదు హరీ," అని ధనరాజ్ గారు నవ్వారు. తీగలు పీకించేశారు.

రెండేళ్ల కిందట ఆగస్టులో, వాన రోజున, రోడ్డు తవ్వే యంత్రం మా కేబుల్ తెంచింది. దాన్ని అతికించడానికి నేను మనుషుల్ని వెంటబెట్టుకుని రోడ్డు మీదికి వెళ్లాను. రెండుంపావుకి కంప్రెసర్ గదిలో అమ్మోనియా పైపు కీలు విడిపోయింది. ధనరాజ్ గారు ఆఫీసులో బటన్ నొక్కారు. తెర మీద ఆకుపచ్చ టిక్కు పడింది. ఆయన ముందు గేటు లోంచి బయటికి నడిచారు.

హాల్లో ఏ మాటా వినపడలేదు. వాసన ముక్కుకి కొట్టాక ఆడవాళ్లు పరిగెత్తారు. తాయారు కూడా బయటపడింది. బయట లెక్కపెడితే ఐసు గదిలో ఉండే ఏడుగురు పిల్లలు లేరు. తలుపులు మందం, వాళ్లకి ఏమీ తెలియదు. స్పీకరు పిలవలేదు కనుక తాయారు వెళ్లి పిలిచింది. ఏడుగురూ బయటికొచ్చారు. ఆమె రాలేదు.

ఇదంతా అప్పుడు నాకు తెలియదు. నాలుగున్నరకి కేబుల్ అతికించి, పరీక్ష చేద్దామని వెనక గేటు లోంచి హాల్లోకి వచ్చాను. హాలు ఖాళీగా ఉంది. స్పీకర్లు గరగరమని, తాయారు మాట్లాడింది. "అందరూ వినండి. గ్యాసు వదిలింది. ఉన్నవాళ్లు ఉన్నట్టుగా బయటికి వెళ్లిపోండి. ఏ వస్తువూ తీసుకోవద్దు." ఆమె గొంతు విని, నెట్టు బాగైందని నేను సంతోషించాను. ద్వారం దగ్గర జనరేటరు చూసుకునే ఎర్రన్న నిలబడి ఉన్నాడు. అతని మొహం చూశాక గానీ నాకు అర్థం కాలేదు.

నెట్టు లేనప్పుడు నొక్కిన మాట ఎక్కడికీ పోదు. వరసలో నిలబడి ఉంటుంది. దారి తెరుచుకోగానే వచ్చి పలుకుతుంది. టిక్కు మాత్రం నొక్కిన క్షణమే పడుతుంది.

పదకొండో రోజు దాటాక వెళ్లి ధనరాజ్ గారిని అడిగాను. హాల్లో వినపడలేదు సార్ అని. "టిక్కు పడిందయ్యా. ఇంకేం కావాలి?" అన్నారు. రిపోర్టులో ఇలా రాశారు: రెండు పదహారుకి ప్రకటన చేయబడింది. మృతురాలు ప్రకటనను లెక్కచేయక, టిఫిన్ క్యారియర్ కోసం వెనక్కి వెళ్లింది.

ఏ వస్తువూ తీసుకోవద్దని చెప్పిన మనిషి, తన మాట తనే వినకుండా పోయిందట.

నేను ఉద్యోగం మానలేదు. మెత్తని మనిషి, ఏం చేస్తాడులే అనుకున్నారు అందరూ. పొద్దున్న పదిన్నరకి టీ, సాయంత్రం నాలుగున్నరకి డ్యూటీ దిగడం, ఆ రెండూ ఇప్పటికీ తాయారే చెప్పేది. ఆ మాటలు పలుకుతున్నంతసేపూ హాల్లో ఆడవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు కాదు. వాళ్లకి ఎవరూ చెప్పలేదు. ఆ మర్యాద తింటూ రెండేళ్లు బతికాను.

*

అక్టోబరు మధ్యలో కొత్తగా చేరినవాళ్లకి భద్రత క్లాసు పెట్టారు. నేను మైకు సర్దడానికి వెళ్లాను. ధనరాజ్ గారు ప్రతి క్లాసులోనూ చెప్పే ఉదాహరణ చెప్పారు.

"ఇక్కడే ఒకావిడ, ప్రకటన విని కూడా, టిఫిన్ క్యారియర్ కోసం లోపలికి వెళ్లింది. ప్రాణం పెద్దదా, క్యారియర్ పెద్దదా? మీరు అలా చెయ్యకండి."

కొత్త పిల్లలు తలలూపారు. ఒకమ్మాయి పక్కమ్మాయితో నెమ్మదిగా అంది. "ఎవత్తోగానీ, ఏటి బుద్ధే!" ఆ అమ్మాయి తప్పు లేదు. నేను మైకు తీగ చుట్టుకుంటూ నిలబడ్డాను.

బయట పంపు దగ్గర కూర్మమ్మ నన్ను ఆపింది. ఒలిచే బల్లలకి ఆమె పెద్ద. తాయారు ఆమెను అక్కలా చూసి అప్ప అనేది. అందుకని నేను ఆమెకి మరిదిని.

"నీకు రోషం నేదేటి మరిదీ?"

"ఉంది వదినా."

"ఎక్కడున్నాది? నాకు కనబడనేదే. నెలకోపాలి ఆ మనిసి నీ పెళ్లాన్ని అలాగ నిలబెట్టి కడిగేస్తంటే, మైకు సుట్టుకోని ఎల్లిపోతన్నావు."

"నువ్వు మాత్రం ఏం చేశావు?" అన్నాను. అనకూడదని తెలిసే అన్నాను.

ఆమె కాసేపు పంపు కింద చేతులు తిప్పుకుంది. రోజంతా మంచునీళ్లలో నానిన వేళ్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

"నాను యేలిముద్ర యేసినాను," అంది. "పెకటన యిన్నానని. యెయ్యకపోతే మా బల్లలోలు అందర్నీ తీసేత్తామన్నారు. నలభైమంది. అప్పుడు యెవులి మొకం సూడాల? నా మనవరాలు దేవి యెదురుగా ఉన్నాది. ఆ యేడుగుర్లో అదీ ఒకత్తి, నీకు తెలవదేటి? దాన్ని నీ పెళ్లామే బయటికి నెట్టింది. ఆ సేత్తోనే నాను ముద్ర యేసినాను."

నాకు తెలుసు. ఆమె ఎప్పుడూ చెప్పలేదంతే. మర్నాడు నా బల్ల మీద గిన్నెలో కవళ్ల చేపల పులుసు ఉంది. మూత మీద రాయి పెట్టింది, పిల్లి ముట్టకుండా.

*

తీగ లాగడానికి పన్నెండు రోజులు పట్టింది. ఎర్రన్న నిచ్చెన పట్టుకునేవాడు. అరవై దాటిన మనిషి. ఆ పొద్దు ద్వారం దగ్గర నాకు చెప్పాల్సివచ్చినది అతనే కనుక, అప్పట్నించి నన్ను కాస్త దూరంగానే చూసుకునేవాడు, పగిలిపోయే సామాను చూసుకున్నట్టు.

"ఏట్రా బాబూ, ఆయినకి ఇంత సాకిరీ? నువ్వు నిద్దర నెగితే ముందు ఆయిన పీక కదేటి నొక్కాల!"

"పీక నొక్కితే ఏమొస్తుంది మావా?"

"మడిసికి కూసింత సల్లగుంటాది."

నాలుగు హారన్ స్పీకర్లు పెట్టాం. లారీ బ్యాటరీలు రెండు తెచ్చాం. హాలు నుంచి పైనున్న మైకు గదికి రెండే తీగలు. నెట్టు, నగరం, ఇంకెవరి దయా మధ్యలో లేదు. మైకు గదికి హాలు వైపు అద్దం కిటికీ ఉంది, అక్కడి నుంచి బల్లలన్నీ కనపడతాయి. ఈ పనిని నేను శ్రద్ధగా చేశాను. ఆయన మీద కోపంతో ఒక్క కీలు కూడా వదులుగా బిగించలేదు. అది మాత్రం తాయారుకి చెప్పుకోగలను.

ధనరాజ్ గారు పెన్‌డ్రైవ్‌లో ఒక ప్రకటన దించి ఇచ్చారు. గ్యాసు వదిలింది అనేది. "ఇదొక్కటి చాలు కదా," అన్నారు. నాకు టీ పిలుపు కూడా కావాలని ఉంది. అడగలేదు. ఆయన్ని ఏదీ అడగకూడదని నిర్ణయించుకుని చాలా రోజులైంది.

మొదటి పరీక్ష మధ్యాహ్నం భోజనాల వేళ చేశాం. మీట నొక్కి, మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను. ఆ కుర్చీలో తాయారు కూర్చునేది. నా ఊపిరి ఒక్కటే హాలంతా వినపడింది. మెట్లెక్కి వచ్చిన కూర్మమ్మ నా చేతిలోంచి మైకు లాక్కుంది.

"ఒలే దేవీ! పలావు కాదు కదే, అంత నెమ్మదిగా తింతన్నావు. బేగి తిని నెగు!"

కింద నలభైమంది ఒక్కసారి నవ్వారు. దేవి క్యారియర్ పట్టుకుని పైకి చూసి నాలుక బయటపెట్టింది. ఎర్రన్న నిచ్చెన మీద నుంచి చప్పట్లు కొట్టాడు. పాత తీగలు పీకేశాక ఆ హాల్లో మనిషి మనిషిని పిలవడం అదే మొదటిసారి.

అక్టోబరు చివర తుపాను వచ్చింది. రెండు రోజులు నెట్టు లేదు, కరెంటు లేదు, జనరేటరు మీద నడిపాం. తీగ లైను ఒక్కసారి కూడా నోరు మూయలేదు. అలారాల కాగితంలో ఆ రెండు రోజుల కింద ధనరాజ్ గారు, పేజింగ్ సక్రమం అని రాసుకున్నారు. పక్కన సంతకం పెట్టమన్నారు. పెట్టాను. ఆ కాగితం చూస్తుండగానే నాకు తోచింది. నేను ఇంత శ్రద్ధగా పనిచేస్తే, నా పని ఆయన అబద్ధానికి ప్రాణం పోస్తోంది. నేను పని ఆపేస్తే చాలు, అది చచ్చిపోతుంది. ఆయన్ని నేను వేలితో కూడా తాకక్కర్లేదు.

ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. అలా పట్టినందుకు పొద్దున్న కాస్త సిగ్గేసింది. కాస్తే.

*

నవంబరు పదకొండు, మంగళవారం. ఏడున్నరకి కూర్మమ్మని పక్కకి పిలిచాను.

"వదినా, ఈ రోజు పదకొండు నుంచి కాసేపు స్పీకరు పలకదు. నేను పలకనివ్వను. నీ బల్లలవాళ్లు భయపడకూడదు, పని ఆపకూడదు. ఎర్రన్న మావ కంప్రెసర్ గది దగ్గర ఉంటాడు. నిజంగా వాసన వస్తే ఈల వేస్తాడు. వింటే అందర్నీ లాక్కుని పో. నా చెయ్యి స్విచ్చి మీదే ఉంటుంది."

ఆమె బల్లల వైపు తిరిగి చూసింది.

"నలభైమందిని పెట్టుకోని ఆడతన్నావు."

"అవును."

"దేవి కూడా ఉన్నాది."

"తెలుసు వదినా. వద్దంటే మానేస్తాను."

"నాను వద్దంతానని నీకు భయమేటి?" అని, నెత్తిన టోపీ లాక్కుంది. "ఇన్నాలకి రోషం కనబడ్డాది. ఎల్లు."

ఝాన్సీ గారు సన్నగా, కళ్లద్దాలతో, చేతిలో అట్టతో వచ్చారు. తక్కువ మాట్లాడే మనిషి. ముందు నా మైకు గదికే వచ్చారు. యాంప్లిఫయర్ మీద గోనె కప్పి ఉంది. ఆవిడ దాన్ని చూడలేదు, గోడ మీద నెట్టు పెట్టె చూశారు.

"కేబుల్ తీసేయండి," అన్నారు.

తీశాను. పెట్టె మీద లైట్లు ఆరిపోయాయి.

"నేను హాల్లో నిలబడతాను. ఆఫీసులో సార్ బటన్ నొక్కుతారు. నేను చెయ్యెత్తితే మళ్లీ పెట్టండి," అని మెట్లు దిగిపోయారు.

పదకొండు ఇరవైకి ధనరాజ్ గారు నొక్కారు. నా దగ్గర చిన్న తెర మీద కూడా కనపడుతుంది. ఆకుపచ్చ టిక్కు పడింది. నా కుడిచెయ్యి గోనె కింద స్విచ్చి మీద ఉంది. ఇనుప స్విచ్చి, చల్లగా ఉంది. అది వేస్తే తాయారు గొంతు హాలంతా నిండుతుంది, ఆడిట్ అయిపోతుంది, ధనరాజ్ గారు సాయంత్రం నన్ను కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇస్తారు.

నేను కిటికీ అద్దం ఒక జానెడు పక్కకి జరిపాను, కింద మాటలు వినడానికి.

హాల్లో నీళ్ల చప్పుడు, బల్లల మీద రొయ్యల తొక్కల చప్పుడు తప్ప ఏమీ లేవు. ఝాన్సీ గారు గడియారం చూసుకుంటున్నారు. ఎవరూ తల ఎత్తలేదు. నాలుగు నిమిషాల తర్వాత ధనరాజ్ గారు నవ్వుతూ హాల్లోకి వచ్చారు. బల్లల దగ్గర అందరూ పనిచేసుకుంటూ ఉండడం చూశాక ఆ నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియలేదు. నా కిటికీ వైపు చూశారు. నేనూ ఆయన వైపు చూశాను.

"ప్రకటన అయిందండీ?" అన్నారు ఝాన్సీ గారు.

"అయింది మేడమ్. రికార్డు చూపిస్తాను, టిక్కు పడింది."

"మరి ఒక్కరూ కదల్లేదు?"

అప్పుడు ఆయన చెయ్యకూడని పని చేశారు. ప్రతి నెలా అలవాటైన మాట కదా, నోటికి అదే వచ్చింది. "వీళ్లంతే మేడమ్. ఎంత చెప్పినా వినిపించుకోరు. రెండేళ్ల కిందట ఒకావిడ ఇలాగే, ప్రకటన విని కూడా, టిఫిన్ క్యారియర్ కోసం లోపలికెళ్లి..."

"నేను ఇక్కడే నిలబడ్డానండీ," అన్నారు ఝాన్సీ గారు. గొంతు పెంచలేదు. "నాకూ వినపడలేదు."

ధనరాజ్ గారు మళ్లీ నా కిటికీ వైపు చూశారు. ఈసారి చెయ్యి కూడా కాస్త ఎత్తారు, బతిమాలుతున్నట్టు. నేను స్విచ్చి మీద నుంచి చెయ్యి తీసి, కిటికీ చట్రం మీద పెట్టాను, ఆయనకి కనపడేలాగ.

ఝాన్సీ గారు హాలంతా ఒక చుట్టు తిరిగి, పదకొండు నలభై ఒకటికి నా వైపు చెయ్యెత్తారు. కేబుల్ పెట్టాను. లైట్లు ఒక్కొక్కటే వెలిగాయి. స్పీకర్లు గరగరమన్నాయి.

"అందరూ వినండి. గ్యాసు వదిలింది. ఉన్నవాళ్లు ఉన్నట్టుగా బయటికి వెళ్లిపోండి. ఏ వస్తువూ తీసుకోవద్దు."

ఎనభై చేతులు ఆగిపోయాయి. ఎవరూ బయటికి పరిగెత్తలేదు. తాయారు మాట పూర్తయ్యేదాకా అలా నిలబడ్డారు, టీ వేళ నిలబడ్డట్టే. ఝాన్సీ గారు అట్ట మీద ఏదో రాసుకున్నారు. తర్వాత ధనరాజ్ గారిని అడిగారు. "మీ కంప్యూటర్లో ఏ టైమ్ పడి ఉంటుంది?"

ఆయన జేబులోంచి ఫోన్ తీసి, మళ్లీ పెట్టేసుకున్నారు.

కూర్మమ్మ బల్ల వదిలి వచ్చింది. పంపు కింద చేతులు కడుక్కుంది, తువ్వాలుతో వేలు వేలూ తుడుచుకుంది. ఝాన్సీ గారి ముందు నిలబడి కుడి బొటనవేలు చూపించింది.

"అమ్మా, ఆ పొద్దు కూడా ఇలగే, యినబడనేదు. మడిసి పోయినాక పలికినాది. నాను యిన్నానని కాయితం మీద ముద్ర యేసినాను. అబద్దం. నా యేలిముద్ర నాకు ఇచ్చీమని సెప్పమ్మా."

ఝాన్సీ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత, "ఆ రోజు కాగితాలన్నీ తెప్పించండి," అన్నారు.

నేను గోనె తీసి పక్కన పడేసి, తీగ లైను స్విచ్చి వేశాను. ఎర్ర దీపం వెలిగింది. ఆ క్షణం నుంచి అది మళ్లీ ఆరలేదు. ఇరవై ఒక్క నిమిషాలు నలభైమందిని గాలికి వదిలాను. ఏమీ జరగలేదు. జరిగి ఉంటే ఈ కథ చెప్పడానికి నాకు మొహం ఉండేది కాదు.

మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. ధనరాజ్ గారు గుమ్మంలో నిలబడ్డారు.

"ఎందుకు వెయ్యలేదు, హరీ?"

"టిక్కు పడింది కద సార్," అన్నాను.

ఆయన కాసేపు నా మొహం వెతికారు. అక్కడ ఆయనకి తెలిసిన మనిషి దొరకలేదు.

*

ఆ తర్వాత రెండు వారాలు కాగితాలు తిరిగాయి. ఎర్రన్న తను విన్నది చెప్పాడు, నేను విన్నది నేను చెప్పాను. కేబుల్ అతికించినవాళ్ల పుస్తకంలో నాలుగు ఇరవై ఎనిమిది అని టైమ్ ఉంది. ధనరాజ్ గారిని వెళ్లిపొమ్మన్నారు. ఝాన్సీ గారు మరో షరతు పెట్టారు. క్లాసుల్లో తప్పు మాట చెప్పిన మనిషే, వెళ్లేముందు దిద్దిన మాట కూడా అందరి ముందూ చదవాలి.

నవంబరు ఇరవై నాలుగు, సోమవారం, భోజనాల ముందు. ఆయన మైకు గదిలోకి వచ్చి, తాయారు కుర్చీలో కూర్చున్నారు. చేతిలో కాగితాన్ని బల్ల మీద పరిచారు. ఆయన ముందు గ్లాసుతో నీళ్లు పెట్టాను. కింద అందరూ పని ఆపి నిలబడ్డారు. మీట నొక్కి, తల ఊపాను.

"ఆ రోజు హాల్లో ప్రకటన వినపడలేదు. తాయారు గారు లోపలికి వెళ్లింది తన వస్తువు కోసం కాదు. ఐసు గదిలో ఉన్న ఏడుగురిని పిలవడానికి. ఏడుగురూ బతికారు. రిపోర్టులో రాసినది తప్పు. రాసినది నేను."

కాగితం మడిచారు. "అయిపోయింది కదా?"

"చివరి మాట తెగింది సార్," అన్నాను. "ఇంకోసారి చదవండి."

ఆయనకి తెలుసు. తీగ లైన్లో మాట తెగడం ఉండదు. రెండు తీగలు, మధ్యలో ఎవరూ లేరు. నా వైపు చూశారు. కాగితం మళ్లీ విప్పారు. నేను స్పీకర్ల శబ్దం ఒక గీత పెంచాను. రెండోసారి చదివేటప్పుడు, రాసినది నేను అనే చోట ఆయన గొంతు నిజంగానే తెగింది. జాలి కలుగుతుందేమోనని లోపల వెతుక్కున్నాను. కలగలేదు. నీళ్ల గ్లాసు మాత్రం ఆయన దగ్గరికి జరిపాను. అది అలవాటు.

ఆయన తాగకుండానే వెళ్లిపోయారు.

సాయంత్రం పంపు దగ్గర కూర్మమ్మ అడిగింది. "సల్లారిందేటి మరిదీ?"

"లేదు వదినా."

"అదీ," అంది. "ఇంకా బతికున్నావన్నమాట." ఆమె చేతిలో ఒక జిరాక్సు కాగితం ఉంది. బొటనవేలి ముద్ర మీద ఎర్రసిరాతో అడ్డంగా గీత. మడిచి జాకెట్టులో పెట్టుకుంది.

*

డిసెంబరు మొదటి వారంలో ఆ నెట్టు పేజింగ్ తీసేశారు. తీసేస్తే ఏం పోతుందో, స్విచ్చి మీద చెయ్యి పెట్టుకున్న రోజునే నాకు తెలుసు. ఆఖరి సాయంత్రం నాలుగున్నరకి తాయారు చెప్పింది. "ఈ పూటకి పని అయిపోయింది. జాగ్రత్తగా ఇళ్లకి వెళ్లండి. రేపు కలుద్దాం." ఆడవాళ్లు బూట్లు విప్పకుండా నిలబడి విన్నారు. తర్వాత కంపెనీవాళ్లు వచ్చి పేజింగ్ పెట్టెలు విప్పుకుని వెళ్లిపోయారు. టీ పిలుపు, ఇంటికి పొమ్మనే పిలుపు వాటితోనే పోయాయి.

మర్నాటి నుంచి పదిన్నరకి కూర్మమ్మ పిలుస్తోంది. "నెగండర్రా, టీ సల్లారిపోతన్నాది!" హాలు మళ్లీ నవ్వుకుంటూ లేస్తోంది.

నా దగ్గర మిగిలింది పెన్‌డ్రైవ్‌లో ఒకే ఒక్క ప్రకటన. ఇంటికి తీసుకుపోదామా అని రెండు రోజులు ఆలోచించాను. ఇంట్లో దాన్ని ఏం చేసుకుంటాను? బయటికి వెళ్లిపొమ్మనే మాట అది. తెచ్చి తీగ లైనుకే పెట్టాను, ఎర్ర మీట కింద. అది ఎప్పుడూ పలకక్కర్లేదని కోరుకుంటాను. పలకాల్సివస్తే మాత్రం ఆలస్యం కాదు.

ఆ సాయంత్రం బ్యాటరీల నీళ్లు చూసి, ఎర్ర దీపం వెలుగుతోందో లేదో చూసి, బయటికి వచ్చాను. ఎర్రన్న తాళాల గుత్తితో మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"అయిపోనాదేటి బాబూ?"

"అయింది మావా."

అతను లోపలికి ఒకసారి తొంగిచూశాడు. కుర్చీ, మైకు, చీకట్లో ఎర్రగా చిన్న చుక్క. నిద్రపోతున్న మనిషి గది తలుపు వేసినట్టు, గొళ్లెం చప్పుడు కాకుండా చేత్తో అదిమి పట్టుకుని, నెమ్మదిగా దగ్గరికి వేశాడు.